బాణీ కట్టడం వచ్చు, స్కోరు రాయడం వచ్చా?

గత ఆగస్టులో ఒక అబ్బాయి లాప్‌టాప్ పట్టుకుని పద్మారావునగర్‌లోని మా ఇంటికి వచ్చాడు. ఇంజినీరింగ్ నాలుగో సంవత్సరం చదువుతున్నాడు. పదేళ్లుగా కీబోర్డు వాయిస్తున్నాడు, కొన్నేళ్లు కర్ణాటక గాత్రం నేర్చుకున్నాడు, స్నేహితులు తీసిన రెండు లఘుచిత్రాలకు నేపథ్య సంగీతం చేశాడు. అమెరికా వెళ్లి మ్యూజిక్ కంపోజిషన్‌లో మాస్టర్స్ చేయాలని అతని కోరిక. అప్పటికే ఒక కన్సల్టెన్సీ గడప తొక్కి వచ్చాడు. జీఆర్‌ఈ రాయమన్నారట, బ్యాంకు బ్యాలెన్సు చూపించమన్నారట, ఒక పది యూనివర్సిటీల పేర్లు రాసి ఇచ్చారట. "నా దగ్గర నలభై ట్రాకులు సిద్ధంగా ఉన్నాయండీ" అన్నాడు. వాటిలో ఒక్కటైనా కాగితం మీద ఉందా అని అడిగాను. లేదు.

కంపోజిషన్ పీజీకి కావలసినవి ఏమిటని వెతికితే చాంతాడంత జాబితా కనిపిస్తుంది. డిగ్రీ, మార్కులు, ఇంగ్లిషు పరీక్ష, సిఫారసు లేఖలు, ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం, ఇంటర్వ్యూ, చేరాక రాయవలసిన పరీక్షలు. కొత్తగా చూసేవారికి అన్నీ ఒకే బరువున్నవిగా తోస్తాయి. నిజానికి తలుపు తీసేది వాటిలో ఒక్కటే: మీరు ఊహించిన సంగీతాన్ని, మిమ్మల్ని ఎన్నడూ చూడని వాద్యకారుడు చదివి వాయించగలిగేలా రాసిన స్కోరు, అంటే స్వరలిపి ప్రతి. మిగతావి ఆ తలుపు తెరుచుకున్నాక అడిగే కాగితాలు. హైదరాబాదులో ప్రతిభకు కొదవ లేదు. ఈ ఒక్క సంగతి ఆలస్యంగా తెలిసి ఏడాదికి ఏడాది పోగొట్టుకున్న పిల్లలను చూశాను. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

ఒకే మాట, మూడు పనులు

మన దగ్గర కంపోజర్ అనగానే సినిమా సంగీత దర్శకుడు గుర్తుకొస్తాడు. దర్శకుడు సన్నివేశం చెబుతాడు, ఆయన బాణీ కడతాడు, కవి మాటలు రాస్తాడు, అరేంజరు, ప్రోగ్రామరు కలిసి వాద్యాలు కూరుస్తారు. సంప్రదాయంలోకి వెళితే వాగ్గేయకారుడు కనిపిస్తాడు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో ఈ పనుల మధ్య గీతలు గీసి మరీ చూపించాడు. పాటలోని మాట మాతువు, స్వరం ధాతువు, రెండూ తానే చేసేవాడు వాగ్గేయకారుడు. మరొకరి ధాతువుకు మాటలు కూర్చేవాడికి కుట్టికారుడని వేరే పేరే పెట్టాడు. ట్యూనుకు పాట రాయడం ఆనాటికే గుర్తింపు ఉన్న పని అన్నమాట.

పాశ్చాత్య విశ్వవిద్యాలయాలు కంపోజిషన్ అంటున్నది మూడో పనిని. త్యాగరాజ కృతి శిష్యుల గొంతుల్లో బతికింది. ఒక్కో పరంపరలో ఒక్కో పాఠం, ఒక్కో సంగతి (అదే పాదాన్ని కొత్తగా మలిచి పాడే తీరు) చేరుతూ వచ్చింది. సినిమా పాట రికార్డింగు గదిలో అప్పటికప్పుడు జరిగే మార్పులతో తుదిరూపం పొందుతుంది. ఈ మూడో పనిలో మాత్రం రచన కాగితం మీదే పూర్తి కావాలి. ఏ వాద్యం, ఏ స్థాయి, ఎంత బలం, ఎక్కడ ఊపిరి, ఎక్కడ వయొలిన్ కమాను మార్పు, అంతా స్కోరులో ఉండాలి. ముక్కూ మొహం తెలియని నలుగురు వాద్యకారులు రెండు రిహార్సల్సులో దాన్ని వినిపించగలగాలి. రాసినవారు పక్కన నిలబడి "అలా కాదు, ఇలా" అని పాడి చూపించే వీలు ఉండదు. మన పిల్లల్లో చాలామందికి మొదటి రెండు పనుల్లో మంచి పునాది ఉంటుంది. దరఖాస్తులో అడిగేది మూడోదాన్ని.

డిగ్రీల పేర్లలో చిక్కు

అమెరికాలో ఎం.ఎం. అంటే మాస్టర్ ఆఫ్ మ్యూజిక్. సాధారణంగా రెండేళ్లు, 30 నుంచి 36 క్రెడిట్లు. వారం వారం గురువుతో విడిగా ఒక పాఠం, మీ రచనలు ఎక్కువగా వాయించబడే వాతావరణం. ఎం.ఏ. విశ్వవిద్యాలయపు ధోరణిలో నడుస్తుంది. రచనతో పాటు విశ్లేషణ, చరిత్ర, పరిశోధన వ్యాసాలకు చోటు ఎక్కువ. ఆ పైన డి.ఎం.ఏ., పీహెచ్‌డీ అని రెండు రకాల డాక్టరేట్లు. మొదటిది సృజన, ప్రదర్శనల వైపు, రెండోది రచనకు తోడు పాండిత్యం వైపు మొగ్గుతుంది. ఇక్కడ చాలామందికి తెలియని ముఖ్యమైన సంగతి ఒకటుంది. ప్రిన్స్‌టన్, హార్వర్డ్ వంటి చోట్ల కంపోజిషన్ పీహెచ్‌డీకి ముందు మాస్టర్స్ ఉండి తీరాలన్న నియమం లేదు. బ్యాచిలర్స్‌తో నేరుగా దరఖాస్తు చేయవచ్చు, చేరినవారికి ఫీజు, జీవనభృతి విశ్వవిద్యాలయమే ఇస్తుంది. సీట్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

బ్రిటన్‌లో మాస్టర్స్ ఎక్కువగా ఒక ఏడాది, 180 క్రెడిట్లు. అక్కడి కన్సర్వేటరీల్లో (సంగీత విద్యాలయాల్లో) రెండేళ్ల కోర్సులు కూడా ఉన్నాయి. జర్మనీలో సంగీత ఉన్నత విద్యాలయాలు వేరుగా ఉంటాయి. స్కోర్లు పంపడంతో సరిపోదు, ప్రవేశ పరీక్షకు కూర్చోవాలి, చాలా చోట్ల జర్మన్ భాష కూడా కావాలి.

సినిమాలకు సంగీతం చేయాలన్నదే మీ లక్ష్యమైతే కంపోజిషన్ డిగ్రీ వైపు కాక స్క్రీన్ స్కోరింగ్ వైపు చూడండి. లాస్ ఏంజెలిస్‌లోని యూఎస్‌సీలో (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా), స్పెయిన్‌లోని వలెన్సియాలో ఉన్న బర్క్‌లీ సంగీత కళాశాల క్యాంపస్‌లో దానికి ప్రత్యేకమైన మాస్టర్స్ ఉన్నాయి. అక్కడ దృశ్యానికి తగ్గట్టు సంగీతం అమర్చిన క్లిప్పులు అడుగుతారు. కచేరీ సంగీతం రాయమనే విభాగానికి సినిమా ట్రాకులు పంపడం, సినిమా విభాగానికి స్ట్రింగ్ క్వార్టెట్ (నాలుగు తీగ వాద్యాల రచన) ఒక్కటే పంపడం, రెండూ నేను చూసిన పొరపాట్లే.

బీటెక్ చదివినవారు అర్హులేనా?

ఇది మన నగరంలో నన్ను అందరికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న. సంవత్సరాల లెక్కలో బీటెక్ నాలుగేళ్లు కాబట్టి ఇబ్బంది లేదు. మూడేళ్ల బీకాం, బీఏ చదివినవారికే చిక్కు. అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలు నాలుగేళ్ల డిగ్రీ కావాలంటాయి, కొన్ని మూడేళ్లదాన్ని కూడా మూల్యాంకన సంస్థ నివేదికతో అంగీకరిస్తాయి. అప్పుడు మీ కళాశాలకు న్యాక్ (విద్యాసంస్థల నాణ్యతను తూచే సంస్థ) ఇచ్చిన గ్రేడు కూడా లెక్కలోకి వస్తుంది. దరఖాస్తు రుసుము కట్టే ముందే ఆ విభాగానికి ఈమెయిల్ పంపి అడగడం మేలు.

సబ్జెక్టు సంగతి వేరు. ఎం.ఎం. ప్రకటనల్లో ఎక్కువగా "సంగీతంలో బ్యాచిలర్స్ లేదా దానికి సమానమైన శిక్షణ" అని ఉంటుంది. ఆ "సమానమైన" అన్న మాట దగ్గరే మన ఆశంతా. దాన్ని నిరూపించేవి మీ స్కోర్లు, మీ థియరీ జ్ఞానం. రాంకోటిలోని శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల సర్టిఫికెట్టు, డిప్లొమా గట్టి సంగీత శిక్షణకు సాక్ష్యం, వాటిని తప్పకుండా చూపించండి. కానీ అవి బ్యాచిలర్స్ డిగ్రీకి బదులు కావు. బ్రిటన్ సంస్థలైన ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం పెట్టే సంగీత గ్రేడు పరీక్షలదీ అదే దారి. ఎనిమిదో గ్రేడు అంటే సంగీతంలో బ్యాచిలర్స్‌లో చేరబోయే విద్యార్థి స్థాయి, పూర్తి చేసిన విద్యార్థి స్థాయి కాదు. ట్రినిటీవారి ఎల్‌టీసీఎల్ డిప్లొమా బ్రిటన్ అర్హతల చట్రంలో ఆరో స్థాయిలో ఉంటుంది, అంటే డిగ్రీ చివరి ఏడాదితో సమానమైన కష్టం. కష్టం సమానమైనంత మాత్రాన అది డిగ్రీ అయిపోదు. ఈ తేడా తెలియక "నాకు ఎనిమిదో గ్రేడు ఉంది, చాలదా?" అని అడుగుతారు పిల్లలు. థియరీ వచ్చని నమ్మించడానికి పనికివస్తుంది, అంతవరకే.

దేశంలోనే పునాది వేసుకోవాలనుకుంటే చెన్నైలో ఏ.ఆర్. రెహమాన్ 2008లో ప్రారంభించిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ ఉంది. లండన్‌లోని మిడిల్‌సెక్స్ విశ్వవిద్యాలయంతో కలిసి కోర్సులు నడిపింది. ఇంజినీరింగ్ బుర్రను వదులుకోవడం ఇష్టం లేనివారికి మ్యూజిక్ టెక్నాలజీ అనే పక్కదారి కూడా ఉంది. జార్జియా టెక్‌లో, స్టాన్‌ఫర్డ్‌లోని కంప్యూటర్ సంగీత పరిశోధన కేంద్రం సీసీఆర్‌ఎంఏలో అలాంటి మాస్టర్స్ ఉన్నాయి. అది మంచి చదువే. కంపోజిషన్ సీటు రాలేదని దాన్ని రెండో మెట్టుగా ఎంచుకోకండి, అక్కడ కావలసిన నైపుణ్యాలు వేరు.

ఊపిరి ఎక్కడ తీసుకోవాలి?

ఇక అసలు విషయం. పోర్ట్‌ఫోలియోలో సాధారణంగా మూడు లేదా నాలుగు రచనలు అడుగుతారు. గత రెండు మూడేళ్లలో రాసినవై ఉండాలి, ఒకదానికొకటి భిన్నంగా ఉండాలి. ఒకటి ఏక వాద్యానికో ఇద్దరికో, ఒకటి చిన్న బృందానికి, వీలైతే ఒకటి పెద్ద బృందానికి. కంప్యూటర్ ధ్వనులతో చేసినది ఒకటి ఉన్నా మంచిదే. ప్రతిదానికి స్కోరు పీడీఎఫ్, దానితో పాటు రికార్డింగు. కంప్యూటర్ వాయించిన నమూనాను చాలాచోట్ల అనుమతిస్తారు, కానీ మనుషులు వాయించిన రికార్డింగుకు ఉండే బలం దానికి లేదు.

ఆ అబ్బాయి నలభై ట్రాకుల్లోంచి ఒకటి ఏరాం. కీరవాణి రాగంలో వేణువు, తీగ వాద్యాలతో చేసిన ఐదు నిమిషాల రచన. వినడానికి చాలా బాగుంది. ఫైలును స్వరలిపి రాసే సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్‌లోకి తెచ్చి తెరిచాం. తెర మీద చీమల బారులు! కీబోర్డు మీద అతని వేలు తడబడ్డ ప్రతి చోటును సాఫ్ట్‌వేర్ అరవై నాలుగో వంతు స్వరంగా లెక్కగట్టి రాసేసింది. గమకం (స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం) కోసం కీబోర్డు మీది పిచ్ చక్రాన్ని తిప్పిన చోట్ల మాత్రం కాగితం మీద ఏమీ లేదు, నిలువు స్వరం ఒక్కటి మిగిలింది. వయొలిన్ వరుసలో ఒకచోట దాని అట్టడుగు తీగ కన్నా కిందికి దిగిన స్వరం ఉంది, అది ఏ వయొలిన్ మీదా పలకదు. ఫ్లూటుకు పదకొండు బార్ల (స్కోరులోని తాళపు గడుల) పాటు ఎక్కడా విరామం లేదు.

సికింద్రాబాద్‌లోని ఒక చర్చిలో ఫ్లూటు వాయించే అమ్మాయిని పిలిచి ఆ పేజీ చూపించాను. ఆమె వాద్యం తీయలేదు. కాగితం వైపు కాసేపు చూసి, లోలోపల పాడుకుని, "అన్నయ్యా, ఇందులో నేను ఊపిరి ఎక్కడ తీసుకోవాలి?" అని అడిగింది. అతనికి ఏం చెప్పాలో తోచలేదు. ఆమె పెన్సిల్ తీసుకుని, స్వరాల పైన చిన్న కామాలు పెట్టుకుంటూ వెళ్లింది. ఊపిరికి గుర్తు అదే. నాలుగు కామాలు పడ్డాక, "ఇక్కడ తీసుకుంటే పదబంధం తెగుతుంది, ఈ రెండు బార్లూ మళ్లీ రాయండి" అంది. ఆ పదిహేను నిమిషాల్లో అతను నేర్చుకున్నది నేను రెండు నెలలు చెప్పినా ఎక్కేది కాదు.

ఆ తర్వాత గమకం దగ్గర ఆగిపోయాం. ఈ చిక్కు మన పిల్లలకే ప్రత్యేకం, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. కీరవాణి 21వ మేళకర్త, అంటే జనక రాగం. దాని స్వరాలను అలాగే వరుసగా రాస్తే పాశ్చాత్య పాఠకుడికి కనిపించేది హార్మోనిక్ మైనర్ స్కేలు. అందులో అతనికి కొత్తగా ఏమీ కనిపించదు. మన చెవికి కీరవాణిగా వినిపించేది స్వరాల మధ్య ప్రయాణం, ఆ ప్రయాణమే కాగితం మీద లేకుండా పోయింది. దీనికి మూడు దారులున్నాయి. గమకంలోని ప్రతి కదలికనూ విడమరిచి రాయవచ్చు, కానీ పేజీ నల్లబడిపోతుంది, వాయించేవారు లెక్కపెట్టుకోవడంలోనే మునిగిపోతారు. జారుగీతలు, అలగీతల వంటి గుర్తులు కొన్ని నిర్ణయించుకుని, స్కోరు మొదటి పేజీలో వాటి అర్థం చెప్పే పట్టిక ఇవ్వవచ్చు. లేదా ఆ భాగాన్ని ఆ సంప్రదాయం తెలిసిన వాద్యకారుడికే ఉద్దేశించి, ఆ మాట స్పష్టంగా రాసి, మిగతా వాద్యాలకు పాశ్చాత్య స్వరలిపి వాడవచ్చు. నేను ఎక్కువగా రెండో దారి సూచిస్తాను. ఏ దారి ఎంచుకున్నా, రచయిత ఆలోచించి నిర్ణయం తీసుకున్నాడని చదివేవారికి తెలియాలి. పోర్ట్‌ఫోలియోలో వాళ్లు వెతికేది ముఖ్యంగా ఆ నిర్ణయశక్తినే.

వాద్యకారులు ఎక్కడ దొరుకుతారని మరో బెంగ. సికింద్రాబాద్, అబిడ్స్ చర్చిల్లో స్వరలిపి చదివే గాయకులు, పియానో వాయించేవారు ఉన్నారు. కర్ణాటక వయొలిన్ విద్వాంసులు అయితే ఏ పేటలోనైనా దొరుకుతారు. కాకపోతే వారి శ్రుతి అమరిక స-ప-స-ప, పాశ్చాత్య వయొలిన్‌ది వేరు, కూర్చునే పద్ధతి కూడా వేరు. వేళ్లకు ఏది సులువో ఏది కష్టమో అంతా మారిపోతుంది. అందుబాటులో ఉన్న మనుషుల కోసమే రాయండి. వీణకు, క్లారినెట్‌కు కలిపి నాలుగు నిమిషాల రచన చేసి శుభ్రంగా రికార్డు చేస్తే, కంప్యూటర్ వాయించిన ఇరవై నిమిషాల సింఫనీ కన్నా అది మీ గురించి ఎక్కువ చెబుతుంది. మామూలుగా వాడే బి-ఫ్లాట్ క్లారినెట్ కాగితం మీద రాసిన స్వరం కన్నా ఒక పూర్తి టోను కింద పలుకుతుందని మాత్రం మరవకండి. మొదటి రిహార్సల్ అక్కడే ఆగిపోయిన సందర్భాలు నాకు తెలుసు.

సాఫ్ట్‌వేర్‌కు డబ్బు తగలేయనక్కరలేదు, మ్యూజ్‌స్కోర్ ఉచితం. సిబెలియస్, డోరికో స్తోమత ఉంటే తీసుకోండి. ఫినాలే అభివృద్ధిని దాని తయారీదారులు 2024 ఆగస్టులో ఆపేశారు కాబట్టి కొత్తగా దాన్ని నేర్చుకోవద్దు.

మిగతా కాగితాలు

జీఆర్‌ఈ చాలా సంగీత విభాగాలు అడగవు. ఇంగ్లిషుకు ఐఈఎల్‌టీఎస్‌లో సాధారణంగా 6.5 లేదా 7 కావాలి. సిఫారసు లేఖలు మూడు. ఇంజినీరింగ్ విభాగాధిపతి "క్రమశిక్షణ గల విద్యార్థి" అని రాసే లేఖ ఇక్కడ దాదాపు వృథా. మీ స్కోరు చదివినవారు, మీ రచన వాయించినవారు, మీకు సంగీతం నేర్పినవారు రాయాలి. కర్ణాటక గురువుగారైనా పరవాలేదు. మీ స్వరజ్ఞానం గురించి, కల్పనాశక్తి గురించి ఒక ఉదాహరణతో రాస్తే ఆ లేఖకు ప్రాణం వస్తుంది. గురువుగారికి ఇంగ్లిషులో రాయడం ఇబ్బందైతే ఆయన తెలుగులో చెప్పినదాన్ని అనువాదంతో పంపవచ్చో లేదో ముందే కనుక్కోండి.

సీటు వచ్చాక మొదలయ్యే పరీక్షలు

అమెరికాలో చేరిన మొదటి వారంలోనే థియరీ, సంగీత చరిత్ర, శ్రవణ నైపుణ్యం మీద ప్లేస్‌మెంట్ పరీక్షలు, అంటే మీరు ఏ స్థాయి పాఠాల్లో కూర్చోవాలో తేల్చేవి, పెడతారు. వీటిలో ఫెయిలైనా సీటు పోదు. బ్యాచిలర్స్ స్థాయి పాఠాలు మళ్లీ చదవమంటారు, చాలాచోట్ల ఆ క్రెడిట్లు డిగ్రీ లెక్కలోకి రావు. అంటే అదనపు ఫీజు, ఒక్కోసారి అదనపు సెమిస్టరు. సంగీతేతర డిగ్రీతో వెళ్లేవారిని ఎక్కువగా దెబ్బతీసేది ఇదే, అయినా ప్రకటనల్లో ఒక చిన్న వాక్యంగా మాత్రమే ఉంటుంది.

ఇందులో మన పిల్లల బలం, బలహీనత రెండూ ఒకే చోట నుంచి వస్తాయి. ఒకే గొంతు పాడితే ప్రతి స్వరస్థానం పట్టేస్తారు. నాలుగు గొంతులు ఒకేసారి నడిస్తే పైన ఉన్న గొంతు వెంట చెవి వెళ్లిపోతుంది, కింది గొంతు వినిపించదు. పరీక్షలో అడిగేది ఆ కింది గొంతునే. దీనికి నాకు తెలిసిన మంచి మందు మన ఊళ్లోనే ఉంది. ఏదైనా చర్చి గాయక బృందంలో వారానికి ఒక సాయంత్రం బాస్ (అన్నిటికన్నా కింది గొంతు) వరుసలోనో ఆల్టో (పై గొంతుకు కింద ఉండేది) వరుసలోనో నిలబడి పాడండి. నాలుగు గొంతుల కీర్తనలు ఏడాది పాడితే చెవి మారిపోతుంది. మతంతో పని లేదు, అభ్యాసానికి వస్తామంటే ఆదరించే బృందాలు ఉన్నాయి.

ఆ తర్వాత ఆర్కెస్ట్రేషన్ (వాద్యాలకు సంగీతం పంచడం), కౌంటర్‌పాయింట్ (ఒకేసారి నడిచే వరుసలను అల్లడం), విశ్లేషణ, ఎలక్ట్రానిక్ సంగీతం క్లాసులు. చివర మీ రచనలతో ఒక కచేరీ, థీసిస్‌గా ఒక పెద్ద రచన, మౌఖిక పరీక్ష. డాక్టరేట్‌లో కొన్ని చోట్ల మరో భాష చదివి అర్థం చేసుకోగలగాలన్న నియమం కూడా ఉంటుంది.

డబ్బు, వీసా

మాస్టర్స్‌కు ఆర్థిక సాయం తక్కువ, డాక్టరేట్‌కు ఎక్కువ. కొన్ని విశ్వవిద్యాలయాలు బోధనలో సహాయకులుగా తీసుకుని ఫీజు మాఫీ చేస్తాయి. యేల్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌కు 2005లో 10 కోట్ల డాలర్ల విరాళం వచ్చాక అక్కడ ట్యూషన్ ఫీజు పూర్తిగా తీసేశారు. జర్మనీలో ప్రభుత్వ సంస్థల ఫీజు తక్కువ. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థులు 2017 నుంచి సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి. మన దేశంలో జె.ఎన్. టాటా ఎండోమెంట్ 1892 నుంచి విదేశీ చదువులకు రుణ రూపంలో ఉపకార వేతనం ఇస్తోంది. 

ఒక మాట ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. అమెరికాలో ఎంఎస్ చేసిన బావకో వదినకో చదువయ్యాక మూడేళ్లు ఉద్యోగం చేసే వీలు దొరికి ఉండవచ్చు. అది సైన్స్, ఇంజినీరింగ్ కోర్సులకు ఇచ్చే పొడిగింపు. కంపోజిషన్ డిగ్రీకి ప్రస్తుత నిబంధనల ప్రకారం పన్నెండు నెలలే. పెద్ద అప్పు చేసి వెళ్లి ఆ ఏడాదిలో తీర్చేద్దామన్న లెక్క ఇక్కడ కుదరదు. తిరిగివచ్చి మన విశ్వవిద్యాలయాల్లో బోధించాలనుకుంటే విదేశీ డిగ్రీకి గుర్తింపు కూడా తెచ్చుకోవాలి, దానికి యూజీసీ 2025లో కొత్త నిబంధనలు తెచ్చింది. అధ్యాపక అర్హత పరీక్ష నెట్ రాయాలంటే సంగీతం పేపరు హిందుస్తానీ, కర్ణాటక సంగీతాల చుట్టూ ఉంటుంది కాబట్టి ఆ చదువు మళ్లీ వేరుగా చదవాలి.

గడువులు చాలావరకు డిసెంబరు 1 చుట్టూ ఉంటాయి. జనవరి నుంచి మార్చి దాకా ఇంటర్వ్యూలు, ఏప్రిల్ 15 లోపు మీ నిర్ణయం. వెనక్కి లెక్కవేస్తే, అక్టోబరుకల్లా రికార్డింగులు పూర్తి కావాలి, అంతకు ముందు వేసవిలో రిహార్సల్సు, దానికి ముందు ఏడాదంతా రచన. ఆ అబ్బాయి ఈ లెక్క కాగితం మీద వేసి చూసుకుని ఆ ఏడాది దరఖాస్తు మానేశాడు. ఇప్పుడు మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తూ బుధవారాలు గాయక బృందంలో బాస్ పాడుతున్నాడు. కీరవాణి రచన నాలుగో ప్రతి పోయిన ఆదివారం తెచ్చాడు. మొదటి పేజీలో ఆరు గమకాలకు ఆరు గుర్తుల పట్టిక ఉంది. రెండో పేజీలో ఆ అమ్మాయి పెన్సిల్‌తో పెట్టిన కామాలు అచ్చులో ఉన్నాయి, తిరగరాసిన రెండు బార్ల దగ్గర తప్ప. అక్కడ ఆమెకు ఊపిరి సరిపోతుందో లేదో వచ్చే వారం వాయించి చూడాలి.